ఆవని చెరువులు, రాబర్ట్‌సన్‌పేట మార్కెట్టు

సంత వేరు, కప్పుగల మార్కెట్టు వేరు. సంత వారమునకొకనాడు చెట్లనీడను కూడి, ప్రొద్దు గ్రుంకువేళకు చెదరిపోవును. మార్కెట్టు కదలదు. అంగడివాడు బాడుగ కట్టి, ఎండ కాసినను వాన కురిసినను అచ్చటనే కూర్చుండును. ఒకదానిప్రక్క మరొకటి ఏల అవసరమైనదో కోలారు సీమలో ప్రయాణించువారికి చక్కగా బోధపడును.

ఈ ప్రయాణమును ముళబాగిలు తాలూకాలోని ఆవనియందు ఆరంభించుట మేలు. నోళంబుల నాటి రామలింగేశ్వరాలయ సముదాయమును చూడవచ్చువారు పెక్కురు గలరు గాని, అచ్చటి శాసనములోని యొక విషయమును గమనించువారు తక్కువ. క్రీ.శ. 961లో గతించిన త్రిభువనకర్తారదేవుడను శైవగురువు నలుబదియేండ్లు ఆవని స్థానమును ఏలి, ఏబది గుడులను, రెండు పెద్ద చెరువులను కట్టించెనట. ప్రస్తుతాంశమునకు గుడులకన్న ఆ రెండు చెరువులే ముఖ్యము. ఏడాది పొడవున పారు నది ఈ సీమలో లేదు. పాలారు సైతము వానలనాటి ఏరే. చెరువు నిండిన యేట వరి, నిండనియేట రాగి. శివరాత్రి తరువాతి ఆవని జాతర పశువుల బేరములకు పేరుపడినది. సేద్యగాండ్రకు అట్టి జాతరలు, వారపు సంతలు చాలియుండెను.

ఆవనికి దక్షిణముగా, బేతమంగళము చెరువు దాటిపోయినచో, గనుల ప్రాంతము వచ్చును. అచ్చట సంత చాలలేదు. 1880లో జాన్ టైలర్ కంపెనీ త్రవ్వకము చేపట్టిన పిమ్మట, తమిళులు, తెలుగువారు వేలకొలదిగా వచ్చి ఆ రాతినేలపై కాపురములుండిరి. 1902లో శివసముద్రమునుండి విద్యుచ్ఛక్తి వచ్చెను. రాత్రింబవళ్లు మూడు షిఫ్టుల పని. పాతాళమునుండి పైకివచ్చిన మనిషి వారపు సంతకై వేచియుండజాలడు. ఆ పూట కూర ఆ పూటనే కావలెను. బంగారమిచ్చు నేల కూరగాయల నీయలేదు. త్రాగునీరే బేతమంగళమునుండి రావలసి వచ్చెను. నేడు ఎం.జి. మార్కెట్టని పిలువబడు రాబర్ట్‌సన్‌పేట అంగడివరుసలకు జీవమిచ్చినది ఈ నిత్యావసరమే.

యాత్రికుడు ఉదయమున పోవుట మంచిది. తెలుగు, తమిళము, కన్నడము, ఉర్దూ నాలుగును ఒక్క బేరములోనే వినవచ్చును. మార్గశిర పుష్యములలో పోయినచో అనపకాయల కాలము. కన్నడిగులు దానినే అవరేకాయ యందురు. గింజలను నానబెట్టి, వ్రేళ్లతో పితికి, తొక్క తీసినది మనకు పితికిపప్పు, వారికి హితకిదవరే. పేరులు రెండైనను చేతిపని యొక్కటే. రాగిసంగటితో ఆ పులుసును రుచిచూడక తిరిగిపోవుట లోపమే. వేసవిలోనైన శ్రీనివాసపురపు మామిడి వచ్చును.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడెను. మార్కెట్టు మూతపడలేదు. కాని కొనుగోలుదారుల దినచర్య మారినది. వేలమంది తెల్లవారుజామున బెంగుళూరు రైలెక్కి రాత్రికి తిరిగివత్తురు.

చెరువుల కథయు మారినది. 2018నుండి బెంగుళూరు మురుగునీటిని శుద్ధిచేసి కోలారు జిల్లా చెరువులకు మళ్లించుచున్నారు. ఎండిన బావులలో నీరు చేరెనని కొందరు రైతులు సంతసింపగా, రెండవ దశవరకే శుద్ధమైన ఆ నీరు పైరులకు తగునాయని మరికొందరు శంకించుచున్నారు. కావున ఇచ్చట కూరలు కొనువారు వెలతోపాటు అవి ఏ చెరువు క్రింద పండినవో కూడ అడుగవచ్చును. అంగడివాడు చెప్పలేకపోవచ్చును గాని, తట్ట దించుచున్న పల్లెటూరి రైతు చెప్పగలడు.