వాలు రెక్కల ఇనుప చానళ్లకు టేపర్ వాషర్లు: ఎంపిక, సేకరణ

సాగర్ రోడ్డు, విజయవాడ రహదారి ఎల్బీనగర్ వద్ద కలుస్తాయి. ఇబ్రహీంపట్నం, చౌటుప్పల్ వైపు రైతులు ట్రాలీ చట్రాలకు, పంపు స్టాండ్లకు కావలసిన నట్లు, బోల్టులు ఇక్కడో, దిల్‌సుఖ్‌నగర్‌లోనో కొనుక్కోవడం సులువు. అయితే ఈ దుకాణాల ప్రధాన వ్యాపారం ఇళ్ల నిర్మాణ సామగ్రి. సాదా వాషర్లు, స్ప్రింగ్ వాషర్లు అడిగిన వెంటనే చేతికి వస్తాయి. టేపర్ వాషర్ అడిగితే స్ప్రింగ్ వాషరే ఇచ్చి పంపడమూ ఉంది. ఈ రెండూ ఒకటి కావు.

సాధారణంగా వాడే ఐఎస్‌ఎంసీ చానల్‌కు మధ్యన నిలువు పలక, దానికి రెండు రెక్కలు ఉంటాయి. రెక్క పలక దగ్గర మందంగా, అంచు వైపు పలుచగా ఉంటుంది. ఐఎస్ 808 ప్రమాణం ప్రకారం రెక్క లోపలి ముఖం పలకతో 96 డిగ్రీల కోణం చేస్తుంది. అంటే వాలు 6 డిగ్రీలు. బయటి ముఖం మాత్రం సమతలం. లోపలి వైపు సాదా వాషర్ వేసి బిగిస్తే నట్టు ఒక అంచుమీదే ఆనుతుంది, బోల్టు వంగుతుంది. పానా ఎంత గట్టిగా తిప్పినా బిగువు సరిగా రాదు. దుక్కిలోను, గతుకుల బాటలోను అదురు తగిలే కొద్దీ నట్టు వదులవుతుంది. లేదా మర మొదట్లో పగులు పుట్టి, సరుకు నిండిన ట్రాలీ కిందే బోల్టు తెగుతుంది. స్ప్రింగ్ వాషర్ ఈ వాలును సరిచేయలేదు.

చానళ్ల టేపర్ వాషర్లకు ఐఎస్ 5372, ఐ ఆకారపు గర్డర్ల వాషర్లకు ఐఎస్ 5374 ప్రమాణాలున్నాయి. ఐఎస్‌ఎంబీ గర్డర్ రెక్క వాలు 8 డిగ్రీలు. రెండు రకాల వాషర్లూ చతురస్రాకారంలోనే ఉండి చూపుకు ఒకేలా కనిపిస్తాయి. కాబట్టి కొనేముందు వెర్నియర్‌తో కొలవడం మంచిది. మందపు అంచు కొలత నుంచి పలుచని అంచు కొలతను తీసివేసి, వెడల్పుతో భాగించాలి. చానల్ వాషర్‌కు సుమారు 0.105, గర్డర్ వాషర్‌కు 0.14 వస్తుంది. 30 మి.మీ. వెడల్పున్న వాషర్‌లో మందాల తేడా మొదటి రకంలో 3 మి.మీ. పైచిలుకు, రెండవ రకంలో 4 మి.మీ. పైచిలుకు.

విదేశీ కొలతల సరుకుతో జాగ్రత్త అవసరం. జర్మనీ డిన్ 434 వాషర్ వాలు 8 శాతం. మన చానల్‌పై రెండున్నర శాతం తేడా మిగులుతుంది. అమెరికా వాషర్ వాలు 1:6, అంటే దాదాపు 16.7 శాతం, అది వేస్తే 6 శాతం ఎదురు వాలు ఏర్పడుతుంది. 1:20కి మించిన వాలు ఉంటే టేపర్ వాషర్ వేయాలన్నది అమెరికా నిబంధనే. ఆ లెక్కన మొదటిది గండం గడుపుతుంది, రెండవది పనికిరాదు.

స్థానికంగా దొరకనప్పుడు సికింద్రాబాద్ రాణిగంజ్ హార్డ్‌వేర్ బజారులో విచారించాలి. “టేపర్ వాషర్” అని ఊరుకోక, “ఐఎస్ 5372, చానల్‌కు, 16 ఎం.ఎం. బోల్టుకు” అని పూర్తిగా అడగాలి. కొద్ది సంఖ్యే కావాలంటే, ఎల్బీనగర్ దాటాక వచ్చే ఆటోనగర్ వర్క్‌షాపులలో ఇనుప పట్టీ ముక్కను 6 డిగ్రీల వాలుకు అరగదీయించుకోవచ్చు; ఖర్చు ఎక్కువైనా నట్టు పూర్తిగా ఆనుతుంది. వాషర్‌కు బదులు వెల్డింగ్ ముద్ద పెట్టే అలవాటు మాత్రం మానాలి. 8.8 తరగతి బోల్టుకు బలం వేడిచేసి చల్లార్చే ప్రక్రియ ద్వారా వస్తుంది. మళ్లీ వేడి తగిలితే ఆ బలం తగ్గుతుంది. కొత్తగా చట్రం చేయించేవారు సమాంతర రెక్కల చానల్ ఎంచుకుంటే టేపర్ వాషర్ అవసరమే ఉండదు.

బిగించేటప్పుడు వాషర్ మందపు అంచు రెక్క పలుచని అంచు వైపు ఉండాలి. వీలైనచోట బోల్టు తలను లోపల ఉంచి, నట్టును సమతలమైన బయటి వైపు తిప్పితే వాషర్ పక్కకు జరగదు. మొదటి రోజు పని ముగిశాక నట్లన్నీ మరోసారి పానాతో చూసుకోవాలి.