ఎక్కిళ్ళొస్తే ఎవరు తలుచుకుంటున్నట్టు?

ఎక్కిళ్ళొస్తే ఎవరో తలుచుకుంటున్నారంటాం. కన్ను అదిరితే మగవాళ్ళకి కుడిది శుభమనీ, ఆడవాళ్ళకి ఎడమది శుభమనీ లెక్క వేసుకుంటాం. మెటికలు విరిచి పిల్లలకు దిష్టి తీస్తాం. అదే పిల్లలు ఊరికే మెటికలు విరుచుకుంటూ కూర్చుంటే కీళ్ళు పాడవుతాయని కోప్పడతాం. ఈ మాటలు వినబడని తెలుగిల్లు ఉండదు. మరి వీటి వెనక అసలు సంగతేమిటి? వీటిలో నవ్వి ఊరుకోవలసినవేవి, డాక్టరు దగ్గరకు పరుగెత్తవలసినవేవి? ఒక్కొక్కటే చూద్దాం.

మెటికలు ‘టక్’మనడం ఎందుకు?

ఎముకా ఎముకా రాసుకుని చప్పుడవుతుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. బండి ఇరుసుకు కందెన ఎలాగో, మన కీళ్ళకు ఒక జిగట ద్రవం అలాగ. అందులో కొంత వాయువు కరిగి ఉంటుంది. వేలిని లాగినప్పుడు కీలు లోపల జాగా ఒక్కసారిగా పెరిగి, ఆ వాయువు బుడగలాగా విడివడుతుంది. ఆ చప్పుడు ఈ బుడగ వల్లనే. 2015లో కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు మెటిక విరుస్తుండగా ఎమ్మారై యంత్రంతో ఫొటోలు తీసి, బుడగ ఏర్పడటం చూశారు. ఆ వాయువు మళ్ళీ ద్రవంలో కరగడానికి సుమారు 20 నిమిషాలు పడుతుంది. అందుకే ఒకసారి విరిచిన మెటిక వెంటనే ఇంకోసారి విరగదు.

మరి కీళ్ళవాతం మాటేమిటి? అమెరికాలో డొనాల్డ్ ఉంగర్ అనే డాక్టరును చిన్నప్పుడు ఇంట్లో పెద్దలు ఇలాగే భయపెట్టారు. ఆయన 50 ఏళ్ళపాటు ఎడమచేతి మెటికలు మాత్రమే రోజుకు కనీసం రెండుసార్లు విరిచి, కుడిచేతిని ముట్టుకోకుండా వదిలేశారు. 1998లో ఫలితం ప్రకటించారు. రెండు చేతుల్లో దేనికీ కీళ్ళవాతం రాలేదు! ఇతర పరిశోధనల్లోనూ ఈ రెంటికీ సంబంధం కనబడలేదు. అయితే మెటిక విరిచినప్పుడు నొప్పి ఉన్నా, కీలు వాచినా, పొద్దున్నే వేళ్ళు బిగుసుకుపోయి గంటసేపటికిగాని వదలకపోయినా డాక్టరుకు చూపించండి. అది మెటికల తప్పు కాదు, వేరే జబ్బు.

కన్ను అదిరితే?

అదిరేది కన్ను కాదు, రెప్పలోని పలచటి కండరం. నిద్ర చాలకపోయినా, మనసులో ఆందోళన ఉన్నా, కాఫీ టీలు మోతాదు మించినా, అదే పనిగా పుస్తకాన్నో సెల్‌ఫోన్‌నో చూసినా అది తనంతట తాను కొట్టుకుంటుంది. పరీక్షల రోజుల్లో కుర్రాళ్ళకూ, పెళ్ళిపనుల్లో ఇంటిపెద్దలకూ కన్ను అదరడంలో వింత లేదు. రెండు రాత్రులు కంటినిండా నిద్రపోయి, కాఫీ తగ్గించి చూడండి. సాధారణంగా కొద్దిరోజుల్లో సర్దుకుంటుంది. రెప్పతోపాటు బుగ్గా, మూతీ కూడా లాగుతున్నా, కన్ను దానంతటదే మూసుకుపోతున్నా, వారాల తరబడి తగ్గకపోయినా మాత్రం శకునాలు చూసుకుంటూ కూర్చోకండి.

ఎక్కిళ్ళ సంగతి

ఊపిరితిత్తులకూ పొట్టకూ మధ్య గొడుగులాగా ఒక కండరం ఉంది. మనం ఊపిరి తీసుకునేది ప్రధానంగా దీని సాయంతోనే. గబగబా తిన్నా, పొట్ట పగిలేలా తిన్నా, సోడా తాగినా, విరగబడి నవ్వినా ఒక్కొక్కసారి ఇది ఉలిక్కిపడి ముడుచుకుంటుంది. గాలి లోపలికి దూసుకొస్తుంది. వెంటనే గొంతులో స్వరతంత్రులు తలుపు వేసినట్టు మూసుకుంటాయి. ఆ తలుపు చప్పుడే ‘ఎక్’! తల్లికడుపులో ఉన్న బిడ్డకు కూడా ఎక్కిళ్ళు వస్తాయి.

ఊపిరి బిగబట్టడం, గుక్క తిప్పుకోకుండా నీళ్ళు తాగడం, “ఏం దొంగతనం చేశావు?” అని హడలగొట్టడం మనకు తెలిసిన చిట్కాలు. ఇవి ఊపిరి లయను, ఆ కండరానికి సంబంధించిన నరాలను కాసేపు దారి మళ్ళిస్తాయి కాబట్టి ఒక్కొక్కప్పుడు పనిచేస్తాయి. కానీ ఆరునెలలు నిండని పసిబిడ్డకు నీళ్ళు పట్టవద్దు. భుజాన వేసుకుని త్రేన్పు తెప్పిస్తే చాలు.

అమెరికాలో చార్లెస్ ఆస్బోర్న్ అనే రైతుకు 1922లో మొదలైన ఎక్కిళ్ళు 1990 దాకా, అంటే 68 ఏళ్ళు ఆగలేదు! మీరు అంత ఓపిక పట్టనక్కరలేదు. 48 గంటలు దాటితే డాక్టరుకు చూపించండి. కడుపులో మంట మొదలుకొని మూత్రపిండాల జబ్బు దాకా దేనికైనా అది గుర్తు కావచ్చు.

కాలికి తిమ్మిరి ఎందుకెక్కుతుంది?

“రక్తం ఆగిపోయింది” అంటాం. అది సగం నిజమే. మఠం వేసుకుని చాలాసేపు కూర్చుంటే కాలిలోని నరం నొక్కుకుంటుంది. ఆ నరానికి రక్తం అందించే సన్నటి నాళాలూ నొక్కుకుంటాయి. కాలి కబురు మెదడుకు చేరదు. కాలు చాపగానే నరం మేలుకుని తలాతోకా లేని కబుర్లు పంపుతుంది. అవే ఆ సూదిపోట్లు, చీమలు పాకడాలు. తిమ్మిరి దిగేదాకా లేవకండి. లేస్తే మడమ మెలితిరిగి పడిపోతారు.

ఇది నిమిషాల్లో పోయే తిమ్మిరి. రెండు అరికాళ్ళూ ఎప్పుడూ తిమ్మిరిగా ఉండి, రాత్రిళ్ళు మంటలు పుట్టి, కాలి చెప్పు జారిపోయినా తెలియకపోతే అది మధుమేహం కావచ్చు. రక్తపరీక్ష చేయించుకోండి. ఇక మూడో రకం ఉంది. ఉన్నట్టుండి ఒకవైపు చెయ్యీ కాలూ మొద్దుబారడం, మూతి వంకర తిరగడం, మాట ముద్దగా రావడం. వీటిలో ఏ ఒక్కటి కనబడినా పక్షవాతమని అనుమానించి వెంటనే 108కి ఫోన్ చేయండి. రక్తం గడ్డను కరిగించే మందు సాధారణంగా నాలుగున్నర గంటల లోపలే ఇవ్వాలి. “తిమ్మిరేగా, కాసేపు పడుకుంటే పోతుంది” అనుకున్నవాళ్ళు ఆ గంటల్నే పోగొట్టుకుంటారు.

పొలమారితే నెత్తిన తట్టాలా?

గొంతులో గాలికి ఒక గొట్టం, అన్నానికి ఒక గొట్టం పక్కపక్కనే ఉన్నాయి. మింగేటప్పుడు గాలిగొట్టానికి మూత పడుతుంది. ముద్ద నోట్లో ఉండగా మాట్లాడినా, నవ్వినా మూత సమయానికి పడక మెతుకు దారి తప్పుతుంది. దాన్ని బయటికి తోసే కాపలాదారే దగ్గు. నెత్తిన తట్టడం ప్రేమకు గుర్తేగాని వైద్యం కాదు. మనిషి గట్టిగా దగ్గగలుగుతున్నంతసేపూ దగ్గనివ్వండి. నీళ్ళు పోయకండి.

దగ్గు రాక, మాట రాక, చేతులతో గొంతు పట్టుకుంటే మాత్రం ఆలస్యం చేయవద్దు. ఒకరు 108కి ఫోన్ చేస్తుండగా ఇంకొకరు ఆ మనిషిని ముందుకు వంచి, రెక్కల మధ్య అరచేతి మడమతో 5 సార్లు గట్టిగా చరచండి. రాకపోతే వెనక నిలబడి, బొడ్డుకు పైన, పక్కటెముకలకు కింద పిడికిలి ఆనించి, లోపలికీ పైకీ 5 సార్లు లాగండి. అడ్డం పోయేదాకా ఈ రెండూ మార్చి మార్చి చేయండి. ఈ పొట్ట నొక్కే పద్ధతిని అమెరికా డాక్టరు హైమ్లిక్ 1974లో లోకానికి చెప్పాడు. నిండు గర్భిణులకు పొట్టకు బదులు రొమ్ము ఎముక మీద నొక్కాలి. ఏడాది నిండని బిడ్డకు కూడా పొట్ట నొక్కరాదు. ముంజేతిమీద బోర్లా, తల కిందికుండేలా పడుకోబెట్టి వీపున 5 సార్లు చరిచి, వెల్లకిల తిప్పి రొమ్ము ఎముక మీద 5 సార్లు నొక్కాలి. చిన్నపిల్లలకు వేరుశనగ గింజలు, వేయించిన శనగలు గింజలుగా పెట్టకపోవడం అన్నిటికంటే మేలు. ముసలివాళ్ళకు మంచినీళ్ళు తాగినా తరచు పొలమారుతుంటే డాక్టరుకు చెప్పండి.

ఒంట్లో ఏ చిన్న వింత జరిగినా రెండు ప్రశ్నలు వేసుకోండి: ఇది ఎంతసేపటినుంచి ఉంది? దీనికి తోడు ఇంకేముంది? కాసేపుండి ఒంటరిగా వచ్చి పోయేదాన్ని చూసి నవ్వుకోవచ్చు. వదలకుండా ఉన్నా, తోడు తెచ్చుకున్నా డాక్టరుకు చూపించాలి. ఉన్నట్టుండి వచ్చి మాటో, ఊపిరో ఆపేస్తే క్షణం ఆగకూడదు. ఈ తేడా ఇంట్లో అందరికీ, ముఖ్యంగా పిల్లల్ని చూసుకునే వాళ్ళకి, చెప్పి ఉంచండి.