ఉమ్మేస్తే పోతుందా?

“పొగ తాగట్లేదుగా, కాస్త బుగ్గన పెట్టుకుంటే ఏమవుద్ది? రసం కూడా మింగం, ఊసేస్తాం.” మాచర్ల, గురజాల వైపు అరచేతిలో ఖైనీ నలుపుతూ చాలామంది చెప్పే మాటే ఇది. పొగాకు విషం కడుపులోకి దిగితేనే ప్రమాదమన్నది ఇందులోని నమ్మకం.

నికోటిన్‌కు గొంతు దిగాల్సిన పనే లేదు. బుగ్గ లోపలి పొరలోంచే నెత్తుట్లో కలుస్తుంది. మింగిన నికోటిన్‌లో చాలా భాగాన్ని కాలేయం మొదటి దఫాలోనే విరిచేస్తుంది. బుగ్గలోంచి వెళ్లేది ఆ కాపలాను తప్పించుకుంటుంది.

ఈ సంగతి తేల్చడానికి ప్రయోగశాలల్లో పంది బుగ్గ పొర వాడతారు, మనిషి పొరకు అది బాగా దగ్గర కాబట్టి. రెండు చిన్న గాజు గదుల మధ్య ఆ పొరను బిగిస్తారు. పైన పొగాకు రసం, కింద ఒంటి వేడికి సరిపడా వెచ్చగా ఉంచిన ద్రావణం. కొంతసేపటికోసారి కింది ద్రావణం కాస్త తీసి, ఎంత దిగిందో కొలుస్తారు. దీని పేరు ఫ్రాంజ్ సెల్. మనిషి నోటి కణాలనే పొరలు పొరలుగా పెంచి చేసే నమూనాలూ ఉన్నాయి. దిగినదే కాదు, కొంత నికోటిన్ పొరలోనే నిలిచిపోతుంది. ఊసేసి నోరు పుక్కిలించాక కూడా అది మెల్లగా లోపలికి చేరుతూనే ఉంటుంది.

ఖైనీలో కలిపే సున్నం రుచికేనా? కాదు. సున్నపు బట్టీలకు పేరుబడ్డ పిడుగురాళ్ల ఉన్న జిల్లాలో ఈ రసాయనం తెలియాల్సిందే. పీహెచ్ 6 దగ్గర పొరను సులువుగా దాటగల నికోటిన్ సుమారు ఒక శాతం. 8 దగ్గర సగం. 9కి చేరితే తొంభై శాతం. గోటితో తీసి కలిపే ఆ కాస్త సున్నం చేసే పని ఈ పీహెచ్‌ను పెంచడమే. నికోటిన్ లోపలికి ఎక్కడానికి గుట్కాలో గాజుపొడి కలిపి బుగ్గ కోస్తారని ఓ పుకారు ఉంది. సున్నం ఉండగా గాజుతో పనేముంది?

“మా చేలో ఆకే, కల్తీ లేదు” అనేది మరో ధీమా. క్యాన్సర్ తెచ్చేవి కల్తీలోంచి రానక్కర్లేదు. ఎన్‌ఎన్‌ఎన్, ఎన్‌ఎన్‌కే అనే నైట్రోసమైన్లు పచ్చి ఆకులో దాదాపు ఉండవు. ఆరబెట్టి, మగ్గబెట్టి, నిల్వ చేసేకొద్దీ పుడతాయి. వినుకొండ వైపు పండే బర్లీ రకంలో ఇవి వర్జీనియా కన్నా సాధారణంగా ఎక్కువే. పైగా ఎన్‌ఎన్‌ఎన్ లోపలికి పోవడానికి సున్నం సాయం కూడా అక్కర్లేదు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఈ రెంటినీ, పొగలేని పొగాకునూ మొదటి శ్రేణి క్యాన్సర్ కారకాల్లో చేర్చింది. పొగాకు లేని వక్కదీ అదే శ్రేణి.

ల్యాబ్‌లో తక్కువ దిగిన సరుకు మంచిదనుకోవడం చదువుకున్నవాళ్ల అపోహ. గాజు గదిలో లాలాజలం ఊరదు, నమలడం ఉండదు, నెత్తురు పారదు. కొన్ని గంటల కొలత అది. నోట్లో పొగాకు పెట్టే అలవాటుకు ఏళ్ల లెక్క.

తెల్లమచ్చలు, పుండ్లు ఎక్కువగా వచ్చేది రోజూ పొగాకు నొక్కిపెట్టే చోటే. నొప్పి లేదని ఊరుకోకూడదు. రెండు వారాలు దాటినా మానకపోతే పళ్ల డాక్టరుకు చూపించుకోవాలి. పొగాకు ఏ పక్కన పెట్టేదీ ఆయనకు దాచకుండా చెప్పాలి.