కంప్యూటరు ఖాతాలో సరుకు నిల్వలు: పై మొత్తం చూసి బేరం చెప్పరాదు

గుంటూరు: "తేజ డీలక్సు, ఏసీ సరుకు, ఎన్ని టిక్కీలు ఇవ్వగలరు?" అని దలాలు ఫోనులో అడిగితే వర్తకుడు అర నిమిషంలో జవాబు చెప్పవలసి ఉంటుంది. ఆలస్యమైతే బేరం పక్క కొట్టుకు పోతుంది. పూర్వం ఈ జవాబు గుమాస్తా నాలుక మీదనో, ఆవర్జాలో తేజ పద్దు రాసిన పుటలోనో ఉండేది. నేడు కంప్యూటరులో ఉన్నది. అయితే తెర మీద మొదట కనిపించేది "మిర్చి" అన్న ఒక్క పంక్తి, దాని ఎదుట ఒక్క మొత్తం. దలాలు అడిగిన సరుకు ఆ పంక్తికి రెండు మూడు మెట్లు కింద ఉన్నది.

కొట్లలో విరివిగా వాడుకలో ఉన్న టాలీ సంగతే చూద్దాం. 1986లో బెంగుళూరులో ప్యూట్రానిక్స్ పేరిట ప్రారంభమైన సంస్థ దీనిని తయారు చేసినది. ఇందులో సరుకుల జాబితా చెట్టువలె కొమ్మలు, రెమ్మలుగా ఉంటుంది. కొమ్మను స్టాక్ గ్రూపు అంటారు. గ్రూపు కింద మరొక గ్రూపు ఉండవచ్చును. చిట్టచివర ఉండేది స్టాక్ ఐటమ్. కొనుగోలు, అమ్మకం పడేది ఐటమ్ మీద మాత్రమే. గ్రూపు ఎదుట కనిపించేది కింది ఐటముల కూడిక. ఈ భేదం మరచినందువల్లనే చాలా చిక్కులు వస్తున్నవి.

స్టాక్ సమ్మరీ తెరవగానే జాబితా మూసుకొని ఉంటుంది. ఒక పంక్తి మీద ఎంటర్ నొక్కితే ఒక మెట్టు లోపలికి, ఎస్కేప్ నొక్కితే ఒక మెట్టు వెనుకకు. షిఫ్ట్‌తో ఎంటర్ నొక్కితే ఆ ఒక్క పంక్తి మాత్రం అక్కడే విచ్చుకుంటుంది. మొత్తం జాబితాను విప్పి చూపడానికి టాలీ ప్రైమ్‌లో ఆల్ట్‌తో ఎఫ్5, అంతకు ముందరి వాటిలో ఆల్ట్‌తో ఎఫ్1. కొందరు గుమాస్తాలు ఈ చివరి మీటనే నొక్కి, పుటల కొద్దీ అచ్చు తీసి యజమాని బల్ల మీద పెడుతుంటారు. దానిని ఎవరూ చదవరు. దలాలుకు జవాబు చెప్పడానికి షిఫ్ట్, ఎంటర్ చాలును.

అసలు చిక్కు చూడడంలో కంటె కొమ్మలు వేయడంలో ఉన్నది. మిర్చికి రకం ఉన్నది: తేజ, 334, 341, బాడిగ మొదలైనవి. గ్రేడు ఉన్నది: డీలక్సు, బెస్టు, మీడియం, తాలు. ఏసీ సరుకా, నాన్ ఏసీయా అన్నది మరొకటి. దేనిని ముందు పెట్టాలి? దలాలు అడిగే వరుసే దీనికి సరియైన వరుస. రకం ముందు, దాని కింద గ్రేడు. ఏసీని మాత్రం చెట్టులోకి రానీయకుండుటే మంచిది. ఏసీ అన్నది సరుకు గుణం కాదు, సరుకు ఉన్నచోటు. మార్చిలో కోల్డ్ స్టోరేజీలోకి వెళ్లిన టిక్కీ సెప్టెంబరులో బయటికి వస్తుంది. టిక్కీ అదే. "తేజ ఏసీ", "తేజ నాన్ ఏసీ" అని రెండు ఐటములు పెట్టుకొన్న కొట్టులో, సరుకు చోటు మారిన ప్రతిసారీ ఒక ఐటమును తగ్గించి మరొక ఐటమును పెంచే పద్దు రాయవలసి వస్తుంది. సీజను వత్తిడిలో ఆ పద్దు మరచిపోవడం కద్దు. అప్పుడు కోల్డ్ స్టోరేజీలో లేని సరుకు పుస్తకంలో ఉంటుంది. దానిని చూసి మాట ఇచ్చిన వర్తకుడు బయటి ధరకు కొని ఇవ్వవలసిందే.

చోటు కోసం ప్రోగ్రాములో గోడౌన్ జాబితా వేరుగా ఉన్నది. ఒక్కొక్క కోల్డ్ స్టోరేజీ పేర ఒక్కొక్క గోడౌన్ పెట్టుకుంటే, సరుకు కదిలినప్పుడు చోటు మాత్రమే మార్చి రాయవచ్చును, ఐటమ్ మారదు. ఏసీ సరుకు ధర వేరు గదా, విడిగా పెట్టకపోతే ఎట్లా అని కొందరి వాదన. వాదనలో పస లేకపోలేదు. పాత పంట, కొత్త పంట కలిసిపోతే విలువ కట్టడం కష్టమే. అందుకు లాటు నంబరు వారీగా బ్యాచి పెట్టుకొనే వీలున్నది. దానికోసం చెట్టును రెండుగా చీల్చనక్కరలేదు.

ఇంకొక సంగతి. ఒక ఐటమ్ ఒక గ్రూపు కింద మాత్రమే ఉండగలదు. అన్ని రకాలలోనూ కలిపి డీలక్సు ఎంత ఉన్నదో తెలియాలంటే గ్రూపు ఉపయోగపడదు, స్టాక్ కేటగిరీ వాడాలి. ఎగుమతి వర్తకులకు ఇది అక్కరకు వస్తుంది. చిన్న కొట్లకు దీనితో పనిలేదు.

పై మొత్తం ఎంత మోసం చేయగలదో ఒక్క ఉదాహరణ చాలు. బాడిగ అని ఒక ఐటమ్ ఉన్నది. కర్ణాటక నుంచి వచ్చిన బిల్లులో బ్యాడ్గి అని ఉన్నందున కొత్త గుమాస్తా ఆ పేరుతో మరొకటి తెరిచాడనుకుందాం. 200 టిక్కీల కొనుగోలు బ్యాడ్గి మీద పడినది. అమ్మకం బాడిగ మీద పడినది. ఒకటి 200 నిల్వ చూపుతుంది, మరొకటి మైనస్ 200. రెండూ ఒకే గ్రూపులో ఉంటే పైన కూడిక సున్న, అనగా సరిగానే ఉన్నది! విప్పి చూసినవారికి గాని తప్పు పట్టుబడదు. మైనస్ నిల్వలను చూపే జాబితా టాలీలో విడిగా ఉన్నది. వారానికొకసారి దానిని తెరవడం మేలు. ఐటమునకు మారుపేరు రాసే గడి కూడా ఉన్నందున, బ్యాడ్గిని బాడిగకే మారుపేరుగా రాసి ఉంటే ఈ తంటా ఉండేది కాదు.

గ్రూపు తెరిచేటప్పుడు కింది ఐటముల పరిమాణాలు కూడవలెనా అని ప్రోగ్రాము అడుగుతుంది. టిక్కీలలో లెక్కించే కాయ, కిలోలలో లెక్కించే కారం ఒకే గ్రూపులో ఉంటే ఈ ప్రశ్నకు అవునని చెప్పరాదు. అంతకంటె రెంటినీ వేరు కొమ్మలలో పెట్టడమే సబబు. దీనికి పన్ను కారణం కూడ ఉన్నది.

జీఎస్టీలో వాడే హెచ్‌ఎస్‌ఎన్ సంఖ్యలు కూడ చెట్టే. 1988 జనవరి 1 నుంచి ప్రపంచ దేశాల కస్టమ్సులో అమలైన వర్గీకరణ ఇది. మొదటి రెండంకెలు అధ్యాయం, నాలుగైతే శీర్షిక, ఆరైతే ఉపశీర్షిక. 09 సుగంధ ద్రవ్యాలు, కాఫీ, టీ. 0904 మిరియాలు, ఎండు మిర్చి. అందులో కాయ 090421, పొడి 090422. పచ్చిమిర్చి ఈ కొమ్మ మీదనే లేదు. అది కూరగాయలతో 07లో ఉన్నది. 2021 ఏప్రిల్ 1 నుంచి టర్నోవరు 5 కోట్లు దాటిన వర్తకులు బిల్లులో ఆరంకెలు రాయవలెనని నిబంధన వచ్చినది. టాలీలో ఈ సంఖ్యను గ్రూపునకు ఒక్కసారి రాస్తే కింది ఐటములకు దానంతట అదే వస్తుంది. ఐటమునకు విడిగా రాస్తే అదే చెల్లుతుంది. కాయల గ్రూపు కింద కారం పొడిని పెట్టి ఊరుకుంటే, పొడి బిల్లు మీద కాయ నంబరు పడుతుంది.

పప్పుల వర్తకులకు ఇంకా జాగ్రత్త అవసరం. 2022 జూలై 18 నుంచి ముందే ప్యాక్ చేసి లేబులు వేసిన 25 కిలోల లోపు పప్పులను 5 శాతం పన్నులోకి తెచ్చారు. విడి సరుకును తేలేదు. కందిపప్పు ఒకటే అయినా ప్యాకెట్టు, విడి వేరు ఐటములుగా ఉండక తప్పదు. ఏసీ విషయంలో చీల్చవద్దన్న చోట ఇక్కడ చీల్చవలసి వస్తున్నది. పన్ను మారితే ఐటమ్ మారాలి, చోటు మారితే మారనక్కరలేదు.

పాత చెట్టు తప్పుగా ఉన్నదని తెలిసి కొమ్మలు మార్చబోయేవారు ఒకటి గమనించాలి. ఆవర్జాలో నిరుటి పుట నిరుటి పుటే. కంప్యూటరులో అట్లా కాదు. ఐటమును ఈ రోజు వేరే గ్రూపు కిందికి మారిస్తే గడచిన నెలల నివేదికలలో కూడ అది కొత్త గ్రూపు కిందనే కనిపిస్తుంది. సరుకు మీద అప్పు తీసుకొని నెలనెలా బ్యాంకుకు స్టాకు స్టేట్‌మెంటు ఇచ్చే వర్తకులకు, గ్రూపుల వారీగా అప్పుడిచ్చిన అంకెలు, ఇప్పుడు తెర మీది అంకెలు పొసగవు. తనిఖీకి వచ్చినవారు అడిగితే చూపడానికి కాగితం ఉండాలి. అందుచేత కొమ్మల మార్పును ఏప్రిల్ మొదటి రోజులలో, కొత్త సంవత్సరపు బిల్లులు పెరగక ముందే ముగించి, మార్చి 31 నాటి జాబితాను పాత చెట్టు ప్రకారం పూర్తిగా విప్పి అచ్చు తీసి దాచుకోవలసి ఉంటుంది. ఆ ఒక్కసారికి ఆల్ట్, ఎఫ్5 నొక్కినా తప్పు లేదు.