ముచ్చటకూ ఒక మర్యాద

ఇషా నమాజు ముగిసి మసీదు దీపాలు ఆర్పే వేళకు మా కోసిగి వీధులలో ఒక కొత్త సందడి మొదలవుతుంది. ఒక అరుగు మీద ఒక నానీ ఫోనును నోటి దగ్గర పెట్టుకొని, పొదిగిన కోడిపెట్ట సంగతి చెబుతూ ఉంటుంది. పక్కింటి పిల్లవాడు ఫోను ఆటలో తాను కొట్టిన సిక్సర్లను లెక్కపెడుతూ ఉంటాడు. ఎదురింటి యువకుడు కొత్తగా వచ్చిన ఫోనుకు కెమెరాలు ఎన్ని అని స్నేహితునితో వాదిస్తూ ఉంటాడు. వినేవారు గుంటూరులోనో, బెంగళూరులోనో, సముద్రం ఆవల గల్ఫు దేశాలలోనో ఉంటారు.

ఈ మాటలలో పనికివచ్చే మాట ఏది అని కొన్నేండ్ల క్రితం ఎవరైనా అడిగి ఉంటే, "ఒక్కటీ లేదు" అని మేము తడుముకోకుండా జవాబిచ్చేవారము. ముప్పై ఏండ్లుగా పిల్లలకు ఖుర్ఆన్ పాఠం చెబుతున్న మాకు కాలం విలువ తెలుసునన్న గర్వం కొంత ఉండేది. ఆ గర్వాన్ని ఒక కూలీ సోదరుడు రెండు మాటలతో దించివేశాడు. పాఠకులకు ఉపయోగపడుతుందన్న ఆశతో ఆ సంగతి ఇక్కడ చెబుతున్నాము.

మా ఊరు కర్నూలు జిల్లా పడమటి అంచున, ఆదోనికీ మంత్రాలయం రోడ్డు స్టేషనుకూ నడుమ, గుంతకల్లు నుంచి రాయచూరు వెళ్ళే రైలు మార్గం మీద ఉన్నది. ఈ ప్రాంతంలో అధిక భాగం వానను నమ్ముకొన్న నేల. పంట చేతికి రాని ఏట, వచ్చినా అప్పుకు చాలని ఏట, కుటుంబాలు మూటలు కట్టుకొని సుగ్గికి పోతాయి. మిరపకోతల కాలంలో గుంటూరు వైపు, మిగిలిన నెలలలో బెంగళూరు, హైదరాబాదు కట్టడపు పనులకు. పిల్లలు ముసలివారి దగ్గర మిగులుతారు. ఒకప్పుడు తండ్రి గొంతు వినాలంటే పండుగ వరకు వేచి ఉండవలసి వచ్చేది. వాట్సాప్‌లో మాటను రికార్డు చేసి పంపే సదుపాయం 2013లో వచ్చింది. 2016 సెప్టెంబరులో జియో సేవలు ప్రారంభమైన తరువాత ఇంటర్నెట్ ఖర్చు బాగా తగ్గింది. అక్షరం రాని దాదీ సైతం ఒక బొత్తాము నొక్కి తన మాటను మిరపచేను దాకా పంపగలుగుతున్నది.

మా మక్తబులో పదకొండేండ్ల బాలుడు ఒకడు ఉండేవాడు. తల్లిదండ్రులు గుంటూరు వైపు వెళ్ళారు. వాడు దాదీ దగ్గర ఉండి పగలు బడికి, అస్ర్ తరువాత మా దగ్గరకు వచ్చేవాడు. పాఠం అప్పజెప్పడంలో తడబడుతూ ఉండటం గమనించి ఒకనాటి రాత్రి వాని ఇంటికి వెళ్ళాము. వాడు ఫోను పట్టుకొని తండ్రికి చెబుతున్నాడు: ఆటలో ఎన్ని పరుగులు తీశాడో, మేకపిల్ల గోడ ఎలా దూకిందో, మాస్టరు గారి సైకిలు ఎక్కడ ఆగిపోయిందో. అరగంట గడిచినా ముగియలేదు. మాకు కోపం వచ్చింది. దాదీని ఒప్పించి ఆ ఫోనును వారం రోజుల కొరకు మా దగ్గరకు తీసుకొన్నాము. వ్యర్థ ప్రసంగం మనిషిని పాడుచేస్తుందని ఆ పిల్లవానికి ఒక చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాము.

ఫోను లేని ఆ రోజులలో పాఠం బాగుపడలేదు. పిల్లవాడు మౌనంగా వచ్చి మౌనంగా వెళ్ళేవాడు. ఐదవ నాటి ఉదయం వాని తండ్రి మా గుమ్మం ముందు నిలబడి ఉన్నాడు. ఫోను పలకకపోవడంతో తల్లికి ఏమైందో, బిడ్డకు ఏమైందో అని భయపడి, గుంటూరులో రైలెక్కి, గుంతకల్లులో మారి వచ్చాడు. పోనురాను మూడు రోజుల కూలి పోయింది. అయినా గొంతు పెంచలేదు.

"హజ్రత్, మీరు వాని మంచికే చేసినారు. మీ మీద నాకేం కోపం లేదు. కానీ వాడు మేక గురించి చెప్పినా, ఆట గురించి చెప్పినా, నాకు వినపడేది వాని గొంతే. అది ఇంటే గానీ నాకు నిద్ర పట్టదు."

మేము ఫోను తెచ్చి అతని చేతిలో పెట్టాము. క్షమాపణ కోరాము. ఆ రాత్రి మా పుస్తకాలనే మళ్ళీ తెరిచి చూసుకొన్నాము. ఏండ్ల తరబడి మేమే బోధించిన విషయాలు అందులో ఉన్నాయి.

విన్నవారిలో శ్రేష్ఠులు

హజ్రత్ జాబిర్ బిన్ సమురా (రజి) తెలిపిన ఒక హదీసు సహీహ్ ముస్లింలో ఉన్నది. ఫజ్ర్ నమాజు తరువాత దైవప్రవక్త (సఅసం) సూర్యోదయం వరకు అక్కడే కూర్చొని ఉండేవారు. సహచరులు తమ అజ్ఞాన కాలపు సంగతులు చెప్పుకొని నవ్వుకొనేవారు. ఆయన (సఅసం) వారిని వారించలేదు, చిరునవ్వు నవ్వేవారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలలోని ఉమ్మె జర్అ్ హదీసు మరింత ఆలోచింపజేస్తుంది. పదకొండు మంది స్త్రీలు ఒకచోట కూర్చొని తమ తమ భర్తల గురించి చెప్పుకొన్న ముచ్చటను హజ్రత్ ఆయిషా (రజి) వివరంగా వినిపించారు. ఒక సమాజపు భారమంతా మోస్తున్న ఆ మహనీయుడు ఆ పొడవైన ముచ్చటను చివరి వరకు విన్నారు. విని, అందులోని ఒక పాత్రతో తన్ను పోల్చుకొని ఆమెకు ప్రేమతో బదులిచ్చారు.

ఇంటివారి చిన్న మాటలను వినడం కాలాన్ని వృథా చేయడం కాదని ఇంతకన్న స్పష్టంగా ఎవరు చెప్పగలరు? మేము శిక్షించినది వ్యర్థ ప్రసంగాన్ని కాదు, ఒక తండ్రీకొడుకుల బంధాన్ని.

అయితే పాఠకులు ఒక విషయం గమనించాలి. ఆ సభలలో కూర్చొన్నవారు ఒకరి ముఖం ఒకరు చూస్తూ ఉండేవారు. మాట ఎవరికైనా నొప్పి కలిగిస్తే ఆ ముఖంలోనే తెలిసేది. మన రచ్చకట్ట మీద కూడా అంతే. పెద్దవాడు వస్తే పిల్లలు గొంతు తగ్గిస్తారు, ఒకడు హద్దు మీరితే మరొకడు ఆపుతాడు. ఫోనులో ఆ ముఖాలు లేవు, ఆపే చేయి లేదు. ముచ్చట మిగిలింది గాని దాని మర్యాద జారిపోయింది. మన పని ముచ్చటను మాన్పించడం కాదు, ఆ మర్యాదను తిరిగి తెచ్చుకోవడం.

ఆటకూ జూదానికీ నడుమ గీత

పిల్లల ఆటల మాటలు విన్నప్పుడు మనం ముందుగా అడగవలసిన ప్రశ్న, "ఇందులో డబ్బు ఉన్నదా?" అన్నది. మసీదు ఆవరణలో హబషీలు ఈటెలతో ఆడుతుంటే దైవప్రవక్త (సఅసం) స్వయంగా అడ్డు నిలిచి హజ్రత్ ఆయిషా (రజి)కు ఆ ఆట చూపించారు. ఆట నేరం కాదు. ఆటలో పందెం దూరిన క్షణం అది మైసిర్, అంటే జూదం అవుతుంది. సూరా అల్ మాయిదా 90వ ఆయతు దానిని మద్యంతో పాటు నిషేధించింది.

ఫోనులో ఈ గీత కంటికి కనిపించదు. పిల్లలాటలాగే రంగులు ఉంటాయి, సంగీతం ఉంటుంది. మొదట కొద్ది మొత్తం ఉచితంగా జమ చేస్తారు. ఒకటి రెండు సార్లు గెలుపు కూడా దక్కుతుంది. తరువాత పోయినదాన్ని రాబట్టుకొందామన్న ఆశే మనిషిని లాగుతుంది. కూలి సొమ్ము బ్యాంకు ఖాతా నుంచి వేలి తాకిడితో వెళ్ళిపోతుంది. నోటు చేతి నుంచి జారుతున్న బాధ కూడా తెలియదు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఇటువంటి పందెపు ఆటలను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధించింది. వాటిని నడిపేవారికి 3 సంవత్సరాల వరకు జైలు, 1 కోటి రూపాయల వరకు జరిమానా నిర్ణయించింది. చట్టం దుకాణాన్ని మూయించగలదు. కానీ కుమారుని ముఖంలో మార్పును మొదట చూడగలిగినది తల్లి మాత్రమే. ఆటల మాట చెప్పుకొనే అలవాటు ఉన్న ఇంట్లో పిల్లవాడు ఓడిన మాట కూడా చెబుతాడు. అలవాటు లేని ఇంట్లో అప్పులవాడు వచ్చి చెబుతాడు.

విన్నదంతా పంపరాదు

2018 వేసవిలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వదంతి వాట్సాప్ ద్వారా రెండు తెలుగు రాష్ట్రాలలో వ్యాపించింది. తెలంగాణలో ఏ పాపమూ ఎరుగని కొందరు మూకల చేతులలో ప్రాణాలు కోల్పోయారు. మా జిల్లాకు పొరుగున ఉన్న జోగులాంబ గద్వాల జిల్లాలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి గారు ఊరూరికి పోలీసులను పంపి, జానపద కళాకారుల పాటల ద్వారా, దండోరా ద్వారా ఆ వదంతులను నమ్మవద్దని చెప్పించారు. పాత పద్ధతి కొత్త జబ్బుకు మందైంది. అదే ఏడాది జూలైలో వాట్సాప్ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చోట్లకు మించి పంపకుండా పరిమితి విధించింది.

దాచడం ఎందుకు? ఆ వేసవిలో మా ఫోనుకు కూడా అటువంటి సందేశం వచ్చింది. "జాగ్రత్త పడతారు కదా" అనుకొని మరో ఇద్దరికి పంపాము. అది మంచి ఉద్దేశమే, కానీ నిర్ధారణ లేదు. వార్త వచ్చినప్పుడు దానిని నిర్ధారించుకొమ్మని, లేకుంటే తెలియక ఒక జాతికి నష్టం కలిగించి పశ్చాత్తాప పడవలసి వస్తుందని సూరా అల్ హుజురాత్ 6వ ఆయతు హెచ్చరించింది. విన్న ప్రతి మాటనూ చెప్పుకొంటూ పోవడమే మనిషి అబద్ధీకుడు కావడానికి చాలునన్న భావం గల హదీసు సహీహ్ ముస్లింలో ఉన్నది. ఈ రెండింటినీ పిల్లలకు వల్లె వేయించిన మేమే ఆ పని చేశాము. నేటికీ ఆ ఇద్దరి పేర్లు ఫోనులో కనిపించినప్పుడు మాకు సిగ్గు కలుగుతుంది.

వార్తలకే కాదు, ఇతరుల చిత్రాలకూ ఇదే నియమం. అనుమతి లేకుండా పరుల ఇళ్ళలో ప్రవేశించవద్దని సూరా అన్ నూర్ 27వ ఆయతు బోధిస్తున్నది. పెళ్ళిలో తీసిన ఒక సోదరి చిత్రాన్ని ఆమెకు తెలియకుండా పదిమందికి పంపడం, ఆమె గుమ్మం తెరిచి పదిమందిని లోనికి తోలడంతో సమానం కాదా?

చూపు ఎటు ఉండాలి?

కొత్త వస్తువుల గురించి మాట్లాడుకోవడంలో దోషం లేదు. ఏది మన్నుతుందో, ఏది మన్నదో తెలుసుకోవడం గృహస్థుకు అవసరమే. కానీ ఆ మాటలు వాయిదాల అప్పు దాకా, పొరుగువానిపై అసూయ దాకా పోకూడదు. కలిమిలో తమకన్న పై వారిని కాక కింది వారిని చూడాలని, అప్పుడే దైవానుగ్రహం చిన్నదిగా తోచదని ప్రవక్త (సఅసం) బోధించారు. స్టేటస్‌లో పెట్టిన బిర్యానీ చిత్రం 24 గంటల తరువాత మాయమవుతుంది. దానిని చేను గట్టు మీద గుడారంలో, పచ్చడి మెతుకుల ముందు కూర్చొని చూసిన వాని మనసులో ఎంతకాలం ఉంటుందో మనకు తెలియదు. కూర వండినప్పుడు మరికొన్ని నీళ్ళు పోసి పొరుగువారికి పంపమని హజ్రత్ అబూ జర్ (రజి)కు ఉపదేశం అందింది. చిత్రం పంపే ముందు గిన్నె పంపామా అని ఆలోచిద్దాం.

మరి ఆ పిల్లవాడు?

తండ్రి తిరిగి వెళ్ళే ముందు ముగ్గురమూ కూర్చొని ఒక ఒప్పందం చేసుకొన్నాము. ఇషా తరువాత కబుర్లను ప్రవక్త (సఅసం) ఇష్టపడలేదు గనుక, మగ్రిబ్‌కూ ఇషాకూ నడుమ ముచ్చట. దాదీ పక్కన, నడవలో కూర్చొని మాట్లాడాలి. ఆట సంగతి, మేక సంగతి ఎంతైనా చెప్పవచ్చు. చివర ఆ రోజు నేర్చుకొన్న ఒక కొత్త సంగతి తండ్రికి చెప్పాలి. తండ్రి ఒక ప్రశ్న అడగాలి.

మొదటి వారంలో ఒకనాడు వాడు చెప్పిన సంగతి మాకు గుర్తున్నది. మన నేలకు రాయలసీమ అన్న పేరును 1928లో నంద్యాల సభలో సూచించిన చిలుకూరి నారాయణరావు గారు అనంతపురం కళాశాలలో అధ్యాపకులు, ఆయనే దివ్యఖుర్ఆన్‌ను తెలుగులోకి అనువదించారు కూడా. మా పాఠంలో విన్న ఆ మాటను వాడు గుంటూరు దాకా పంపాడు. "ముస్లిం కాని ఆయన ఎందుకు రాసినాడురా?" అని తండ్రి అడిగాడు. పిల్లవానికి జవాబు తెలియలేదు. మరునాడు మా దగ్గరకు పరుగెత్తి వచ్చాడు. ఎన్ని ఉపన్యాసాలకూ కదలని పిల్లవాడు తండ్రి వేసిన ఒక ప్రశ్నకు కదిలాడు.

ప్రియ పాఠకులారా! మనిషి నోట వెడలే ప్రతి మాటనూ వ్రాసే పర్యవేక్షకులు ఉన్నారని సూరా ఖాఫ్ 18వ ఆయతు గుర్తు చేస్తున్నది. ఫోనులోని మాటను మనం తుడిచివేయవచ్చు, ఆ వ్రాత తుడుచుకుపోదు. అందులో మన వదంతి ఉంటుంది, మన ఎగతాళి ఉంటుంది. అలాగే దూరాన ఉన్న తండ్రికి నిద్ర పట్టించిన మేకపిల్ల ముచ్చట కూడా ఉంటుందని మా నమ్మకం. మన ఇళ్ళలోని చిన్న మాటలను అల్లాహ్ మంచి మాటలుగా చేయుగాక! పిల్లల మాట వినే ఓపికను పెద్దలమైన మనకు ప్రసాదించుగాక! ఆమీన్.