పేరు ఒకటి, కర్తలు పలువురు: ‘భాస్కర’ నామం – కర్తృత్వ నిర్ణయ సమస్య

వ్యాస సంగ్రహం

సంస్కృతాంధ్ర వాఙ్మయాల్లో ‘భాస్కరుడు’ అనే పేరుతో గణితవేత్తలు, వేదాంతులు, మీమాంసకులు, మంత్రులు, కవులు కనిపిస్తారు. పేరు ఒకటే కావడం వల్ల ఒకరి రచన మరొకరి ఖాతాలో చేరే అవకాశం ఏర్పడింది. ఈ చిక్కును విడదీసిన ఆధారాలు ఎటువంటివో, భాస్కర రామాయణం విషయంలో అవి ఎక్కడ చాలకపోయాయో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: భాస్కరుడు, నామసామ్యం, కర్తృత్వం, ఆశ్వాసాంత గద్య, అవతారిక, భాస్కర రామాయణం.

ఉపోద్ఘాతం

క్రీ.శ. 13వ శతాబ్దిలో నెల్లూరు మనుమసిద్ధి కొలువులో ఇద్దరు తిక్కనలు ఉన్నారు. ఒకరు సిద్ధన కుమారుడు, మరొకరు కొమ్మన కుమారుడు. ఇద్దరికీ తాత మంత్రి భాస్కరుడే. కత్తి పట్టినవాడు ఖడ్గ తిక్కన అయ్యాడు. యజ్ఞం చేసినవాడు తిక్కన సోమయాజి అయ్యాడు. లోకం ఆ అన్నదమ్ములను కలిపివేయకపోవడానికి ఈ విశేషణాలే కారణం. వ్యక్తినామం ఎదుట ఉన్న మనిషిని పిలవడానికి చాలుతుంది. కొన్ని శతాబ్దాల తరువాత అతడిని గుర్తించడానికి చాలదు. ఇంటిపేరో, గోత్రమో, తండ్రి పేరో, పదవో, కృతిభర్త పేరో తోడు రావాలి. అవేవీ రానప్పుడు ఏమవుతుందో ఆ తిక్కనల తాత పేరే తెలియజేస్తుంది.

సూర్యవాచకమైన ‘భాస్కర’ శబ్దం మతశాఖల భేదం, ప్రాంతభేదం లేకుండా వ్యాపించిన పేరు. పూర్వుల పేర్లను వంశంలో తిరిగి పెట్టుకొనే ఆచారం దానిని మరింత నిలబెట్టింది.

ఇద్దరు గణితవేత్తలు

ఆర్యభటీయానికి భాష్యం రాసి, మహాభాస్కరీయ, లఘుభాస్కరీయాలను రచించిన భాస్కరుడు ఒకరు. లీలావతి, బీజగణితం మొదలైన భాగాలతో సిద్ధాంతశిరోమణిని రచించిన భాస్కరాచార్యుడు మరొకరు. నేడు వీరిని మొదటి భాస్కరుడు, రెండవ భాస్కరుడు అని వ్యవహరిస్తున్నారు. ఈ సంఖ్యలు వారు పెట్టుకొన్నవి కావు; ఆధునిక చరిత్రకారులు సౌలభ్యం కోసం చేర్చినవి. బిభూతిభూషణ్ దత్తా 1930లో ఇద్దరు భాస్కరుల గురించి ప్రత్యేకంగా ఒక వ్యాసం ప్రకటించవలసి వచ్చిందంటే సమస్య ఎంత సమీపకాలం వరకు ఉండినదో ఊహించవచ్చు.

వీరిని వేరు చేసినది వారే ఇచ్చిన కాలసూచన. మొదటి భాస్కరుడు తన భాష్యంలో కల్పాది నుండి గడిచిన సంవత్సరాలను 198 కోట్ల 61 లక్షల 23 వేల 730గా లెక్కించాడు. ఆ సంఖ్యలో చివరి 3,730 కలియుగంలో గడిచిన ఏళ్లు. కలియుగారంభం క్రీ.పూ. 3102 కనుక భాష్యరచన క్రీ.శ. 629లో జరిగిందని తేలుతుంది. రెండవ భాస్కరుడు తాను శక సంవత్సరం 1036లో జన్మించి, 36వ ఏట సిద్ధాంతశిరోమణిని రచించానని చెప్పుకొన్నాడు. అది క్రీ.శ. 1150. మధ్య దూరం 521 సంవత్సరాలు. మొదటివాడు ఆర్యభటుని అనుయాయి; రెండవవాడు ప్రధానంగా బ్రహ్మగుప్తుని మార్గాన్ని అనుసరించినవాడు. ఇద్దరినీ ఒకరిగా చేస్తే తారీఖులతో పాటు సిద్ధాంత పరంపర కూడా తారుమారవుతుంది. (1979లో, 1981లో ప్రయోగించిన భాస్కర-1, భాస్కర-2 ఉపగ్రహాల అంకెలు ప్రయోగ క్రమానికి చెందినవి. వాటిని ఈ గణితవేత్తల క్రమసంఖ్యలుగా పొరబడరాదు.)

రెండవ భాస్కరుని వంశంలోనే మరొక భాస్కరుడు ఉన్నాడు. మహారాష్ట్రలోని చాలీస్‌గావ్ సమీపాన ఉన్న పాట్నా శాసనాన్ని ఈయన మనుమడు చంగదేవుడు వేయించాడు. అందులోని వంశావళి త్రివిక్రమునితో మొదలై, భోజరాజు చేత ‘విద్యాపతి’ బిరుదు పొందిన భాస్కరభట్టును పేర్కొంటుంది. ఆయనకు ఐదు తరాల తరువాతివాడు లీలావతీకర్త. శాసనం లేకపోతే భోజుని సత్కారం కూడా లీలావతీకర్త చరిత్రలోకే చేరి ఉండేదేమో.

ఇతర శాస్త్రాల్లో

బ్రహ్మసూత్రాలకు భేదాభేదపరంగా భాష్యం రాసిన భాస్కరుడు శంకరుల తరువాతివాడు. తైత్తిరీయ సంహితకు జ్ఞానయజ్ఞమనే భాష్యం రాసినవాడు భట్టభాస్కర మిశ్రుడు. మీమాంసలో అర్థసంగ్రహాన్ని రచించినవాడు లౌగాక్షి భాస్కరుడు. ఇక్కడ ‘లౌగాక్షి’ పదమే రక్షించింది. 18వ శతాబ్దికి చెందిన భాస్కరరాయుడు లలితా సహస్రనామ వ్యాఖ్యకు ‘సౌభాగ్యభాస్కరం’ అని పేరుపెట్టి, శీర్షికలోనే తన ముద్ర వేశాడు. తెలుగులో భాస్కర శతకం సంగతి వేరు. అక్కడ మకుటంలోని భాస్కరుడు సంబోధింపబడిన సూర్యుడు. కవి మారవి వెంకయ్య.

భాస్కర రామాయణం

తెలుగు పరిశోధకులకు ఎక్కువ శ్రమ కలిగించినది ఈ గ్రంథమే. అరణ్యకాండ గద్యలో కవి తనను భాస్కరుడని చెప్పుకొన్నాడే కాని, వంశాన్ని వివరించలేదు. ఆ లోటును పూరించడానికి ఇద్దరు భాస్కరులు పోటీపడ్డారు: హుళక్కి భాస్కరుడు, తిక్కన తాత మంత్రి భాస్కరుడు.

మంత్రి భాస్కరుని పక్షాన చెప్పే వాదానికి మూలం నిర్వచనోత్తర రామాయణ అవతారిక. అక్కడ తిక్కన తన పితామహుని కవిత్వ సంపదను ప్రశంసించాడు. తిక్కన పూర్వకథను విడిచి ఉత్తర కథను మాత్రమే చేపట్టడానికి, తాతగారు అప్పటికే పూర్వరామాయణం రచించి ఉండడమే కారణమని కొందరు ఊహించారు. అరణ్యకాండ ఆయనదేనన్న అభిప్రాయం కూడా వెలువడింది. ఊహ ఆకర్షణీయమైనదే. అయితే ఉత్తర కథను ఎన్నుకోవడానికి వేరే కారణాలు ఉండవచ్చు. కవిగా ప్రశంస పొందినంత మాత్రాన రామాయణకర్త అని చెప్పడానికి వీలులేదు. పేరు కలవకపోయి ఉంటే ఈ వాదం పుట్టేదే కాదు.

హుళక్కి భాస్కరుని పక్షాన నిలిచే సాక్ష్యం గట్టిది. అది ఆయన మాట కాదు, కుమారునిది. బాల, కిష్కింధ, సుందరకాండలు రచించిన మల్లికార్జున భట్టు తన గద్యలో భాస్కర సత్కవి పుత్రుడనని ప్రకటించుకొన్నాడు. మంత్రి భాస్కరునికి కేతన, మల్లన, సిద్ధన, కొమ్మన అని నలుగురు కుమారులు. వీరిలో మల్లన పేరు చూసి తొందరపడరాదు. ‘భట్టు’ బిరుదం గల పండిత కుటుంబం వేరు, తరతరాలుగా మంత్రిత్వం నెరపిన కుటుంబం వేరు. పైగా కృతిభర్త సాహిణి మారన అశ్వదళాధిపతి. రామాయణ రచనను సాధారణంగా కాకతీయ యుగపు చివరి దశకు చేరుస్తారు. తిక్కనకు రెండు తరాల ముందువాడైన మంత్రిని అక్కడికి తేవడం కష్టం.

కర్త ఎవరో తేలినా ఇదే పేరు మరొక చిక్కు తెచ్చింది. ఈ రామాయణంలో హుళక్కి భాస్కరుని భాగం అరణ్యకాండ, యుద్ధకాండ పూర్వభాగం మాత్రమే. అయోధ్యకాండ కుమార రుద్రదేవునిది. యుద్ధకాండను పూర్తిచేసినవాడు అయ్యలార్యుడు. మూడు కాండలు రాసిన మల్లికార్జున భట్టు తండ్రికంటె ఎక్కువ కాండలు రచించి కూడా తండ్రి పేరు చాటున నిలిచిపోయాడు. ఇక్కడ ఒకే పేరును పలువురు పంచుకోలేదు. నలుగురి శ్రమ ఒక్క పేరులో ఇమిడిపోయింది. సుందరకాండ పద్యాన్ని ఉదహరించి ‘భాస్కరుడు ఇలా అన్నాడు’ అని రాసిన ప్రతిసారి పొరపాటు కొనసాగుతూనే ఉంది. పరిశోధన గ్రంథాల్లో కాండ పేరుతో పాటు ఆ కాండ కర్త పేరు కూడా పేర్కొంటే మల్లికార్జున భట్టు శైలిని విడిగా పరిశీలించే వీలు కలుగుతుంది.