గాడస్

గాడస్ చల్లని సముద్ర జలాలలో నివసించే చేపల ప్రజాతి. ఇది కిరణ వాజాలు గల చేపలలో గాడిఫార్మిస్ క్రమానికి, గాడిడే కుటుంబానికి చెందినది. వీటిని సాధారణంగా కాడ్ చేపలు అంటారు. ఈ ప్రజాతికి 1758లో కార్ల్ లిన్నేయస్ నామకరణం చేశాడు.

లక్షణాలు

ఈ చేపలకు వీపుపై మూడు, ఉదరభాగంలో పాయువు వెనుక రెండు వాజాలు ఉంటాయి. కాడ్ చేపల దవడ క్రింద ఒక చిన్న మీసం ఉంటుంది. సముద్రపు అడుగున ఆహారాన్ని గుర్తించడానికి ఇది తోడ్పడుతుంది. ఇవి చిన్న చేపలను, పీతలను, రొయ్యలను తింటాయి. వీటి కొవ్వు కండరాలలో కాక ఎక్కువగా కాలేయంలో నిల్వ ఉంటుంది; మాంసం తెల్లగా ఉంటుంది.

ముఖ్యమైన జాతులు

* గాడస్ మోర్హువా (అట్లాంటిక్ కాడ్): ఉత్తర అట్లాంటిక్ మహాసముద్రంలోను, బాల్టిక్ సముద్రంలోను జీవిస్తుంది.
* గాడస్ మాక్రోసెఫాలస్ (పసిఫిక్ కాడ్): ఉత్తర పసిఫిక్ మహాసముద్రంలో జీవిస్తుంది.
* గాడస్ చాల్కోగ్రామస్ (అలాస్కా పొల్లాక్): పూర్వం దీనిని థెరాగ్రా అనే వేరే ప్రజాతిలో చేర్చేవారు. సురిమి అనే చేప ముద్ద తయారీలో దీనిని విరివిగా వాడతారు.

ఉపయోగాలు

ఎండబెట్టిన, ఉప్పు వేసిన కాడ్ చేప శతాబ్దాలుగా ఐరోపా వాణిజ్యంలో ముఖ్యమైన సరుకు. కాలేయం నుండి తీసే నూనెలో ఎ, డి విటమిన్లు సమృద్ధిగా ఉంటాయి. పిల్లలలో ఎముకలు మెత్తబడే రికెట్స్ వ్యాధి నివారణకు దీనిని వాడేవారు. ఈ చేపల వేట హక్కుల విషయమై 1958, 1976 మధ్య ఐస్‌లాండ్, బ్రిటన్‌ల నడుమ జరిగిన వివాదాలకు కాడ్ యుద్ధాలని పేరు. చివరకు 200 నాటికల్ మైళ్ళ పరిధిపై ఐస్‌లాండ్ హక్కును బ్రిటన్ అంగీకరించింది.

క్షీణత

పెద్ద ఆడ కాడ్ ఒక ఋతువులో లక్షల సంఖ్యలో గుడ్లు పెడుతుంది. ఈ సంపద తరగనిదని 1883లో జీవశాస్త్రవేత్త థామస్ హక్స్‌లీ అభిప్రాయపడ్డాడు. అప్పటి వేట సాధనాల దృష్ట్యా అది సహేతుకమే. కాని 1950ల నుండి పట్టిన చేపను ఓడలోనే శుద్ధిచేసి గడ్డకట్టించే భారీ ట్రాలర్లు వచ్చాయి. కెనడా తూర్పు తీరంలో 1968లో 8 లక్షల టన్నులకు పైగా కాడ్ పట్టారు. పెద్ద చేపలు తగ్గడంతో గుడ్లు పెట్టే తల్లిచేపలూ తగ్గాయి. చివరకు 1992 జూలైలో కెనడా ప్రభుత్వం అక్కడ కాడ్ వేటను నిషేధించింది. న్యూఫౌండ్‌లాండ్ ప్రాంతంలో సుమారు 30,000 మంది జీవనోపాధి కోల్పోయారు. కొద్ది సంవత్సరాలలో చేపలు కోలుకోగలవని ఆశించినా, వాణిజ్య వేటపై నిషేధం ఎత్తివేసే నాటికి 2024 వచ్చింది. గుడ్ల సంఖ్య ఎంత అధికమైనా, తల్లిచేపలు మిగలనప్పుడు జాతి త్వరగా కోలుకోలేదని ఈ ఉదంతం తెలుపుతున్నది.